పిల్లకి అమెరికాలో కాగితాల్లేవు, పన్నెండో క్లాసు అయిపోతోంది. కాలేజీ సంగతి ఎట్టా?

కావలి_పిన్ని
మా అక్క కూతురి సంగతి ఇది. ఊరు తప్ప పేర్లు రాయను, అడగొద్దు.

2012 ఫిబ్రవరిలో అక్కా బావా న్యూజెర్సీ వెళ్ళారు. బావది హెచ్1బీ ఉద్యోగ వీసా, అక్కకీ పిల్లకీ దాని మీద వచ్చే హెచ్4. పిల్లకి అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. విమానానికి బయల్దేరే రోజు పెసరట్టు కావాలని మారాం చేసి కారెక్కకుండా కూర్చుంది. నాకు తెలిసిన పిల్ల అంతవరకే, తర్వాతంతా ఫోన్లోనే. 2017లో బావ ఉద్యోగం పోయింది. కాగితాలు నేను చూసుకుంటానని ఒక కన్సల్టెన్సీ ఆయన డబ్బు తీసుకుని ఏమీ చూడలేదు. గడువు దాటిపోయింది. వెనక్కి ఎందుకు రాలేదంటే ఏం చెప్పను? ఇక్కడ అప్పు, అక్కడ పిల్ల బడి, వచ్చే నెల సర్దుకుంటుందన్న ఆశ. అట్టా అట్టా ఎనిమిదేళ్ళు. బావ ఇప్పుడొక సరుకుల కొట్లో చేస్తాడు, జీతం చేతికిస్తారు. అక్క ఇంట్లో టిఫిన్లు, పచ్చళ్ళు చేసి అమ్ముతుంది.

పిల్లకి ఇవేవీ తెలియనివ్వలేదు. పదహారో ఏట క్లాసులో వాళ్ళంతా సెలవుల్లో పనికి చేరుతుంటే తనూ చేరబోయింది. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగారు. ఇంటికొచ్చి నా నంబరెంత అని అడిగితే అప్పుడు చెప్పారు. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నా బర్త్ సర్టిఫికెట్ మీ బీరువాలో ఉందా? ఫొటో పెట్టు" అంది. ఎందుకే అంటే "ఊరికే, చూడాలని" అంది. మున్సిపాలిటీ కాగితం ఫొటో తీసి పంపాను.

ఇప్పుడు పన్నెండో క్లాసు. మార్చి 9కి పద్దెనిమిది నిండుతాయి. బయాలజీ అంటే పిచ్చి, మార్కులు బాగా వస్తాయి. అక్కేమో కావలి పంపించేస్తా, నువ్వే చదివించు అంటోంది. పిల్ల రానంటోంది. ఇంకోటి, మా అమ్మకీ ఊళ్ళో వాళ్ళకీ గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉందని చెప్పుకుంటూ వస్తున్నాం. ఎనిమిదేళ్ళుగా ప్రాసెస్‌లోనే ఉంది.

అక్కడ కాలేజీలో చేర్చుకుంటారా? ఫీజుకి సాయం ఏమైనా దొరుకుతుందా? లేకపోతే గట్టిగా చెప్పి రప్పించమంటారా?

ఒంగోలు_గిత్త
డాకా అని ఉంది కదండీ. చిన్నప్పుడు వచ్చిన పిల్లల కోసం ఒబామా పెట్టింది. అప్లై చేయమనండి, వర్క్ పర్మిట్ కూడా ఇస్తారు. ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఎడిసన్_బాబాయ్
గిత్తా, కాస్త ఆగు. డాకా ప్రకటించింది 2012 జూన్ 15న. 2007 జూన్ 15 నుంచి ఇక్కడే ఉండి ఉండాలన్నది అందులో షరతు. ఆ తేదీకి ఈ పిల్ల పుట్టనే లేదు. ఇంకో షరతు, ప్రకటించిన రోజుకి చేతిలో చెల్లే వీసా ఉండకూడదు. వీళ్ళకి అప్పుడు హెచ్4 నిక్షేపంగా ఉంది. అన్నీ కుదిరినా 2021లో టెక్సస్ జడ్జి తీర్పుతో కొత్తవాళ్ళకి తలుపు మూసుకుంది. పాతవాళ్ళే రెండేళ్ళకోసారి పొడిగించుకుంటున్నారు.

పిన్నిగారూ, కాలేజీ మాట చెప్తాను. బడి వరకు 1982లో సుప్రీంకోర్టు ప్లైలర్ కేసులో తేల్చేసింది, కాగితాల్లేవని ప్రభుత్వ బడి పిల్లల్ని తిప్పి పంపకూడదు. పన్నెండు దాటాక ఆ రక్షణ లేదు. అక్కణ్ణుంచి ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. మీవాళ్ళు న్యూజెర్సీలో ఉండటం అదృష్టమే. ఇక్కడ 2013 చివర్లో చట్టం వచ్చింది. ఈ రాష్ట్రంలో మూడేళ్ళు హైస్కూల్ చదివి పాసైతే, కాగితాల్లేకున్నా ప్రభుత్వ కాలేజీల్లో రాష్ట్రం పిల్లల ఫీజే. అవకాశం వచ్చిన రోజు కాగితాలకి దరఖాస్తు పెట్టుకుంటానని ఒక అఫిడవిట్ రాసివ్వాలి. 2018 నుంచి రాష్ట్రం ఇచ్చే ఆర్థిక సాయం కూడా వీళ్ళకి వర్తిస్తుంది. కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ లోన్లు మాత్రం రావు. కాబట్టి కేంద్ర సాయం కోసం అందరూ నింపే ఫాఫ్సా ఫారం ఈ పిల్ల నింపకూడదు. రాష్ట్రానిది ఆల్టర్నేటివ్ అప్లికేషన్ అని వేరే ఉంది, అది నింపాలి. బడిలో కౌన్సెలర్‌ని అడిగితే చూపిస్తారు.

కావలి_పిన్ని
బాబాయ్, మీకు చేతులెత్తి దణ్ణం. ఫాఫ్సా అందరూ నింపుతున్నారు, నేనూ నింపేస్తా అని పోయిన వారమే అన్నదంట. ఇప్పుడే మెసేజ్ పెడుతున్నా.

మైపాడు_కెరటం
టెక్సస్‌లో కూడా ఇట్టాంటి ఫీజు రాయితీ ఉందని విన్నా?

ఎడిసన్_బాబాయ్
ఉండేది. అసలు 2001లో అందరికంటే ముందు ఇచ్చిందే టెక్సస్. అదే ఏడాది కాలిఫోర్నియా. 2025 జూన్‌లో కేంద్రం కేసు వేస్తే టెక్సస్ ఎదురు వాదించకుండా ఒప్పేసుకుంది, ఒక్క రోజులో పోయింది. అక్కడ చదువు మధ్యలో ఉన్న పిలకాయల ఫీజు రాత్రికి రాత్రి పెరిగింది. ఇంకొన్ని రాష్ట్రాల మీదా కేసులు వేశారు. అందుకే నేను చెప్పిందే వేదమనుకోకుండా, చేరే రోజుకి ఏముందో కాలేజీ వాళ్ళనే అడగండి.

డాలస్_నెల్లూరోడు
నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, అయినా రాస్తా. 2010లో వచ్చా. ఒక్క రోజు కూడా స్టేటస్ తప్పలేదు. ఉద్యోగం పోయినప్పుడు 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవడానికి నిద్ర లేకుండా తిరిగా. గ్రీన్ కార్డులో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న లెక్క వల్ల ఇంకా క్యూలోనే ఉన్నా. నా కూతురికి వచ్చే ఏడాది 21 నిండుతాయి, ఆ రోజుతో హెచ్4 పోతుంది. మూడేళ్ళప్పుడు తెచ్చాం. అది డాకాకి పనికిరాదు, ఎందుకంటే మేము చట్టం ప్రకారం ఉన్నాం. నవ్వాలో ఏడవాలో చెప్పండి. గడువు దాటి ఉండిపోయినవాళ్ళకి ఫీజు రాయితీ, నా కూతురు 21 దాటితే ఫారిన్ స్టూడెంట్ ఫీజు. ఇదేం లెక్క?

మైపాడు_కెరటం
అన్నా, నీ బాధ నిజమే. కానీ ఆ పిల్ల నాలుగేళ్ళది. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఏం అబద్ధం చెప్పి ఉంటుంది? చాక్లెట్ అడిగి ఉంటుంది.

డాలస్_నెల్లూరోడు
పిల్లని నేనేమీ అనలేదు. వాళ్ళ నాన్నని అన్నా.

కావలి_పిన్ని
మా బావని అనండి, పడతాడు. వాళ్ళ నాన్న కందుకూరులో పోతే రాలేకపోయినవాడు. వస్తే మళ్ళీ పదేళ్ళు వెళ్ళలేడు. తమ్ముడు తలకొరివి పెట్టాడు. పెద్దకర్మ రోజు ఫోన్ అరటాకుల మధ్య నిలబెట్టి వీడియోలో చూపించారు. సిగ్నల్ పోతా వస్తా ఉంటే ఆయన అట్లాగే తెర ముందు కూర్చున్నాడు. ఊళ్ళో అందరూ "పెద్దకొడుకుకి డాలర్ల మీదే ప్రేమ" అన్నారు. అసలు సంగతి చెప్పలేక మేమూ తలూపాం.

పాతబస్టాండ్
తలూపకుండా ఏం చేస్తారులే అమ్మా. మన ఊళ్ళల్లో వీసా లేదని చెప్పడం కంటే డాలర్ల పిచ్చి అని అనిపించుకోవడం తేలిక.

రొట్టెల పండక్కి, కోరిక తీరినవాళ్ళు ఇచ్చే వీసా రొట్టె పట్టమనండి మీ అమ్మగారిని. స్వర్ణాల చెరువులో ఎంతమందికి అమెరికా ఇచ్చిందో ఆ దర్గా.

కావలి_పిన్ని
అమ్మ ఏటా పోతుంది. నెల్లూరు బస్సెక్కి, నీళ్ళలో నిలబడి, అక్క కోసం సొంతింటి రొట్టె పట్టుకొస్తుంది. గ్రీన్ కార్డు ఎట్టాగూ వస్తుంది, ఇల్లొక్కటే తక్కువ అని ఆమె లెక్క.

ఒంగోలు_గిత్త
డాకా విషయంలో నాది పొరపాటే, బాబాయ్‌కి థ్యాంక్స్. కానీ ఇంకో దారి ఉంది. అక్కడి సిటిజన్‌ని పెళ్ళి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. నిజంగానే చట్టంలో ఉంది, వీసా మీద దర్జాగా దిగిన మనిషికి సిటిజన్ భర్త ఉంటే గడువు దాటినా అక్కడే గ్రీన్ కార్డు ఇస్తారు.

కోవూరు_టీచరమ్మ
పన్నెండో క్లాసు చదివే పిల్ల గురించి అడిగితే పెళ్ళి సంబంధం తెచ్చావా నాయనా?

ఒంగోలు_గిత్త
నేను రూల్ చెప్పానండీ అంతే.

ఎడిసన్_బాబాయ్
రూల్ కరెక్టే. కాగితం కోసం దొంగ పెళ్ళి చేసుకుంటే జైలన్నది కూడా రూలే. ఆ మాట వదిలేయండి.

చెన్నపట్నం_మెయిల్
ఎవరూ అసలు తేదీ మాట ఎత్తలేదు. పిన్నిగారూ, క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చదవండి.

గడువు దాటి ఉన్న రోజుల్ని అమెరికా లెక్క పెడుతుంది. 180 రోజులు దాటి, ఏడాది లోపు ఉండి బయటికెళ్తే మూడేళ్ళు రానివ్వదు. ఏడాది, ఆపైన ఉండి వెళ్తే పదేళ్ళు. మీ బావకి పడేది ఈ పదేళ్ళ దెబ్బే. కానీ 18 నిండని పిల్లల విషయంలో ఆ రోజులు లెక్కలోకి రావు. అంటే మీ పిల్లకి ఇప్పటివరకు సున్నా. మార్చి 9 నుంచి మీటరు తిరుగుతుంది. సెప్టెంబరు 5కి 180 రోజులు. ఆ లోపు ఇండియా వస్తే ఆ అమ్మాయి మీద ఏ నిషేధమూ ఉండదు. ఆ తర్వాత అయితే ఉంటుంది.

అందుకే మీ అక్క తొందరపడుతోంది. ఆమెకి ఎవరో లాయరు చెప్పే ఉంటారు.

కావలి_పిన్ని
అక్క ఈ ముక్క చెప్పలేదు. "ఆగస్టు లోపల పంపిస్తా, ఆగస్టు లోపల" అని మాత్రం అంటూ ఉంది. ఇప్పుడు అర్థమైంది.

డాలస్_నెల్లూరోడు
నిషేధం లేకపోవడం వేరు, వీసా రావడం వేరు. ఇక్కణ్ణుంచి వెళ్ళి హైదరాబాద్ కాన్సులేట్లో ఎఫ్1 స్టూడెంట్ వీసా అడిగితే, మీ అమ్మానాన్నలు ఎక్కడున్నారు అని మొదటి ప్రశ్న. అమెరికాలో అంటుంది. ఏ వీసా? ఏం చెప్తుంది? చదువయ్యాక తిరిగి ఇండియా వస్తానని నమ్మించాలి, ఇల్లంతా అక్కడ పెట్టుకుని. నా అనుభవంలో ఇట్టాంటిది కష్టం.

చెన్నపట్నం_మెయిల్
ఒప్పుకుంటా. తలుపుకి తాళం పడదు అన్నా, తెరుస్తారని అనలేదు. పైగా ఆ పాస్‌పోర్టు గడువు అయిపోయే ఉంటుంది, ముందు అది కదలాలి. ఏం చేసినా ఇమ్మిగ్రేషన్ లాయరుకి ఒకసారి ఫీజు కట్టి కూర్చోండి. ఆ కన్సల్టెన్సీ లాంటోళ్ళ దగ్గర కాదు.

హూస్టన్_టు_హరనాథపురం
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. వెనక్కొచ్చిన పిల్లాణ్ణి నేను. మాది కాగితాల గొడవ కాదు, నాన్నకి గ్రీన్ కార్డు మీద ఆశ పోయి వచ్చేశాం. నాకు పదిహేనేళ్ళు.

నెల్లూరులో ఇంటర్ రెసిడెన్షియల్‌లో వేశారు. పొద్దున అయిదున్నరకి విజిల్. రాత్రి పదింటి దాకా స్టడీ అవర్. మొదటి వారం అన్నం దగ్గర అందరూ తిని లేచినా నేను ఇంకా కలుపుతూనే ఉండేవాణ్ణి, కారం తాళలేక. పేరు మానేసి "అమెరికా" అని పిలిచేవాళ్ళు. "అమెరికా, బకెట్ జరుపు." తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకో, తెలుగు రాకపోయినా 98 వస్తాయన్నారు. నిజంగానే 97 వచ్చాయి. ఇప్పటికీ నాకు సంస్కృతంలో ఒక్క ముక్క రాదు.

మొదటి ఆరు నెలలు బాత్రూములో ఏడ్చా. తర్వాత ఒక ఆత్మకూరు పిల్లాడు రాత్రిళ్ళు కెమిస్ట్రీ చెప్పేవాడు, నేను వాడికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వాడి వల్ల నిలబడ్డా. ఇప్పుడు బాగానే ఉన్నా. కానీ ఒక మాట. నాకు పదిహేను. ఈ పిల్లకి పద్దెనిమిది. నేను అమ్మానాన్నలతో వచ్చా. ఈమె ఒక్కతే రావాలి, వాళ్ళు చూడటానికి కూడా రాలేరు. రెండూ ఒకటి కాదు.

కోవూరు_టీచరమ్మ
బాబూ, బాగా రాశావు. సంస్కృతం మాట మాత్రం బయట చెప్పకు, మా వాళ్ళ ఉద్యోగాలు పోతాయి.

పిన్నిగారూ, రప్పిస్తే ఇక్కడి సీటు ఎట్టాగో కూడా చూసుకోండి. ఆ అమ్మాయి పన్నెండో క్లాసుని ఇక్కడి ఇంటర్‌తో సమానమని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంజినీరింగ్ అయినా అగ్రికల్చర్ అయినా ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలో లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో కలిపి వరసగా నాలుగేళ్ళు ఈ ప్రాంతంలో చదివి ఉండాలి. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవే. కావలిలో పుట్టినా ఆమె నాన్ లోకల్.

పాతబస్టాండ్
అక్కడా నాన్ లోకల్, ఇక్కడా నాన్ లోకల్.

ఒంగోలు_గిత్త
ఇందులో కొత్తేముంది? ఒంగోలోణ్ణి నేను, మాది ఏయూ, అంటే ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, నెల్లూరు ఎస్వీయూ, అంటే వెంకటేశ్వరా యూనివర్సిటీ ఏరియా. గంటన్నర రైలు ప్రయాణం చేసి నెల్లూరులో సీటడిగితే నేనే నాన్ లోకల్.

మైపాడు_కెరటం
ఎన్నారై కోటా ఉంది కదా? వాళ్ళ నాన్న ఎన్నారైయే.

పాతబస్టాండ్
వీసా కాపీ జతచేయుము అంటారు.

మైపాడు_కెరటం
అయ్యో అవును.

కువైట్_రిటన్
మా వైపు దీన్ని ఖల్లివల్లి అంటారు. కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని దగ్గర్నుంచి బయటికొచ్చి కాగితాల్లేకుండా పనిచేసుకునేవాళ్ళు. నేను మూడేళ్ళు అట్టా ఉన్నా. 2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చినప్పుడు జరిమానా లేకుండా వచ్చేశా. మేము పెద్దోళ్ళం, చేతికి వచ్చింది చేసుకుని వచ్చేశాం. ఆ ఊరు మాది కాదని మొదటి రోజు నుంచి తెలుసు. ఈ పిల్లకి అట్టా కాదు గదా, అక్కడే పెరిగింది. అదీ తేడా.

కోవూరు_టీచరమ్మ
కాగితాల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అమెరికా దాకా ఎందుకు, మా బడిలో ఒక యానాది పిల్లవాడు ఉండేవాడు. చెరువు గట్టు మీద పుట్టాడు, ఎవరూ రాయించలేదు. బర్త్ సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆధార్ లేదు, ఆధార్ లేదు కాబట్టి కుల ధ్రువీకరణ లేదు, అది లేదు కాబట్టి పదో తరగతి తర్వాత హాస్టల్ సీటు దగ్గర ఆగిపోయాడు. వాళ్ళ తాతలు ఈ నేల మీదే చేపలు, ఎలకలు పట్టారు. జిల్లాలో ఎస్టీల్లో ఎక్కువమంది వాళ్ళే. 1969 చట్టం ప్రకారం ఏడాది దాటిన పుట్టుకని నమోదు చేయాలంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. నేనూ, వాడి మామా ఎన్ని సార్లు తిరిగామో. ఒక చోట "వీడు పుట్టాడని రుజువేంటి" అని అడిగారు. వాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

చెన్నపట్నం_మెయిల్
టీచరుగారూ, విషయం పక్కకి పోతోంది.

కోవూరు_టీచరమ్మ
పోతే పోనీ. ఇదీ కాగితం, చదువు కథే. ఆఖరికి వచ్చింది లెండి, ఇప్పుడు వాడు ఐటీఐ.

కాలి_కడియం
పాత ఐడీ, పేరుకి అర్థం చెప్తా. 2011లో కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీని రాత్రికి రాత్రి మూశారు, మనోళ్ళు వందల మంది అందులో. నేనొకణ్ణి. ఫీజు కట్టి చేరినవాళ్ళమే, పొద్దున లేచేసరికి స్టేటస్ లేదు. నాతో సహా కొందరి కాలికి ట్రాకర్ తగిలించారు. ప్యాంటు కింద దాచుకుని తిరిగేవాణ్ణి. గుడికెళ్తే చెప్పులు విప్పాలి గదా, అక్కడ కనపడుతుందని గుడి మానేశా. రూమ్మేట్లు కూడా మెల్లిగా ఫోన్ ఎత్తడం తగ్గించారు, వాళ్ళకేదో అంటుకుంటుందన్నట్టు. నెల్లూరులో మా అమ్మ ఎవరికీ చెప్పకుండా రొట్టెల పండక్కి పోయి చదువు రొట్టె పట్టింది. తర్వాత వేరే కాలేజీలోకి మార్చుకోనిచ్చారు, 2013లో పట్టా వచ్చింది. కోరిక తీరితే మళ్ళీ పోయి రొట్టె ఇవ్వాలి. ఇప్పుడు వేదాయపాళెంలోనే ఉంటున్నా, ఏటా బయల్దేరుతా, ఆ జనాన్ని చూసి వెనక్కొస్తా. ఇంకా బాకీ.

పిన్నిగారికి నేను చెప్పేది కాలేజీ గురించి కాదు. ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోంది? అది చూడండి.

పాతబస్టాండ్
పన్నెండేళ్ళ బాకీకి వడ్డీ ఎంతో దర్గాలో కనుక్కో అన్నా.

మైపాడు_కెరటం
మన దేశం వాళ్ళు ఇట్టా ఎంతమంది ఉంటారు అక్కడ? మనోళ్ళంతా హెచ్1బీ అనుకున్నా.

ఎడిసన్_బాబాయ్
ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్ళు 2022కి వేసిన అంచనా సుమారు 7,25,000. ఆ లెక్కలో మెక్సికో, ఎల్ సాల్వడార్ తర్వాత మనమే. అమెరికా ప్రభుత్వం అదే ఏడాదికి వేసిన అంచనా 2,20,000. ఎవరి లెక్క వాళ్ళది. దాక్కున్న వాళ్ళని లెక్కపెట్టడం అంత సులభం కాదు గదా. 2025 ఫిబ్రవరి 5న మిలిటరీ విమానంలో 104 మందిని అమృత్‌సర్లో దించినప్పటి నుంచి మా ఎడిసన్‌లో కూడా కొందరు గుడికి రావడం మానేశారు.

కావలి_పిన్ని
మూడు రోజులు రాయలేదు. కాలి కడియం గారి మాట నన్ను పట్టుకుంది. ఆదివారం పిల్లకి వీడియో కాల్ చేసి ఇదంతా చదివి వినిపించాను. తనకి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. గంటసేపు మాట్లాడింది. సగం ఇంగ్లీషు. నాకు అర్థమైనంత రాస్తున్నా.

బడిలో పోయిన ఏడాది నయాగరా ట్రిప్ పెట్టారంట, అవతలి గట్టుకి, కెనడా వైపు. జ్వరమని చెప్పి మానేసింది. ఆ రోజు క్లాసులో మిగిలింది ఇద్దరే, తనూ, గ్వాటెమాలా నుంచి వచ్చిన ఇంకో పిల్లా. ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుని "నీకూ జ్వరమేనా" అని అడిగిందంట. అంతే, ఇద్దరికీ తెలిసిపోయింది. ఆ పిల్లకి ఇంట్లో అందరికీ తెలుసు, చర్చిలో తెలుసు, వాళ్ళకి బడిలో ఒక క్లబ్ కూడా ఉంది. "పిన్నీ, నన్ను కూడా రమ్మంది. నేను ఒక్కదాన్నే ఇండియన్. నువ్విక్కడేంటి, మీ నాన్న ఇంజినీర్ కదా అన్నట్టు చూశారు" అంది.

తర్వాత అన్నది వింటే నాకు మాట రాలేదు. పోలీసుల కంటే మన ఆంటీలంటే భయమంట. బతుకమ్మకో సంక్రాంతికో పోతే, నాన్న ఏ కంపెనీ, గ్రీన్ కార్డు వచ్చిందా, ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ) ఎంత అని అడుగుతారంట. ఏడో క్లాసు నుంచి ఆ ప్రశ్నలకి అమ్మ నేర్పిన జవాబులు చెప్తూ వచ్చింది, అవి అబద్ధాలని తెలియకుండానే. తెలిశాక కూచిపూడి క్లాసు మానేసింది.

కావలికి ఎందుకు రానంటున్నావే అంటే, "అక్కడ అమ్మమ్మ తెలుసు, నువ్వు తెలుసు. ఇంకేం తెలుసు? నేను వచ్చేస్తే అమ్మని మళ్ళీ ఎప్పుడు చూస్తాను?" అంది. నా దగ్గర జవాబు లేదు.

డాలస్_నెల్లూరోడు
మా పార్టీల్లో ఆ ప్రయారిటీ డేట్ అడిగేది నేనే. ప్రతి కొత్త మనిషినీ అడుగుతా.

బాబాయ్, ప్రైవేటు కాలేజీల మాట కూడా చెప్పు వాళ్ళకి.

ఎడిసన్_బాబాయ్
చెప్తా. మా పక్కనే ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ఉంది. సీటిచ్చేటప్పుడు పౌరసత్వం చూడదు, వస్తే ఇంటి ఆదాయాన్ని బట్టి మొత్తం సాయం చేస్తుంది. డాన్ ఎల్ పడియా పెరాల్టా అని డొమినికన్ రిపబ్లిక్ నుంచి నాలుగేళ్ళప్పుడు వచ్చిన మనిషి, మన పిల్లలాగే. కాగితాల్లేకుండానే 2006లో అక్కడ పట్టా తీసుకుని లాటిన్లో స్నాతకోపన్యాసం చేశాడు. ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్. కానీ అందరికీ ప్రిన్స్‌టన్ రాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. థెడ్రీమ్ డాట్ యూఎస్ అని ఇట్టాంటి పిల్లలకే స్కాలర్‌షిప్పులు ఇచ్చే సంస్థ ఉంది, అది చూడమనండి.

చెన్నపట్నం_మెయిల్
పట్టా వచ్చాక? వర్క్ పర్మిట్ లేకుండా ఎవరు పెట్టుకుంటారు? అది ఎవరూ చెప్పరేం?

ఎడిసన్_బాబాయ్
నిజం. అదే పెద్ద గోడ. న్యూజెర్సీ 2020లో నర్సు, డాక్టరు లాంటి వృత్తి లైసెన్సులకి కాగితాల షరతు తీసేసింది. లైసెన్సు ఇస్తారు, జీతానికి పెట్టుకునే హక్కు మాత్రం రాష్ట్రం చేతిలో లేదు, కేంద్రానిది. ఈ పిల్లల కోసం డ్రీమ్ యాక్ట్ అని 2001లో మొదటిసారి బిల్లు పెట్టారు. ఈ పిల్ల పుట్టక ముందు. ఇంకా పాస్ కాలేదు.

హూస్టన్_టు_హరనాథపురం
వస్తే నేనున్నా. రాకపోతే ఫోన్లో తెలుగు చదవడం నేర్పిస్తా. నేను ఇరవయ్యో ఏట నేర్చుకున్నా, బస్సు బోర్డులు చూసి. మొదట చదివింది "కావలి వయా కొడవలూరు".

పాతబస్టాండ్
ఆ బస్సు టైముకి రాదు, అందుకే నేర్చుకోవడానికి టైం దొరికింది.

కావలి_పిన్ని
నాలుగు నెలల తర్వాత రాస్తున్నా. అడిగినవాళ్ళకి థ్యాంక్స్.

ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో బయాలజీ సీటు వచ్చింది, రాష్ట్రం పిల్లల ఫీజే. ఆ వేరే ఫారం నింపాం, కొంత సాయం వచ్చింది. మిగతాది బావ కొట్టు ఓనరు దగ్గర అడ్వాన్సు అడిగాడు. లాయరుతో గంట మాట్లాడారు. పిల్ల పక్కన కూర్చుని తనే ప్రశ్నలు అడిగిందంట, నోటు పుస్తకంలో రాసుకుని. సెప్టెంబరు 5 మీద గుండ్రం చుట్టి గోడకి పెట్టుకుంది. ఉంటానంటోంది. అక్క ఆ తేదీ దాకా ఆశ వదలనంటోంది. నేను ఎవరినీ ఏమీ అనడం మానేశా.

చెప్పాల్సింది ఇంకోటి. అమ్మకి నేనే చెప్పాను, మొన్న మధ్యాహ్నం, గోంగూర వలుస్తుంటే. మొత్తం చెప్పాను, కందుకూరు తాత పోయినప్పుడు బావ ఎందుకు రాలేదో కూడా. చాలాసేపు మాట్లాడలేదు. ఆకు వలుస్తూనే ఉంది. ఆఖరికి "అయితే ఇన్నేళ్ళూ తప్పు రొట్టె పట్టానా" అంది. ఇల్లు రొట్టె కాదు, ఈసారి పిల్లకి చదువు రొట్టె పట్టాలంట. మొహర్రం జూన్ చివర్లో వస్తోంది. మోకాళ్ళ నొప్పులు, అంత జనంలో చదువు రొట్టె ఎవరిస్తారో వెతకాలంటే ఎట్టా అని చూస్తున్నా.

కాలి_కడియం
వెతకొద్దు. చదువు రొట్టె నా దగ్గరుంది, పన్నెండేళ్ళది. ఈసారి వెనక్కి రాను. ఏ రోజు వస్తారో చెప్పండి, గట్టు మీద మెట్ల దగ్గర నిలబడతా. పెద్దామె నీళ్ళలోకి దిగాల్సిన పని లేకుండా చూస్తా.

పాతబస్టాండ్
రొట్టె మాత్రం కొత్తది చేయించు అన్నా, 2013ది తేవొద్దు.

కావలి_పిన్ని
రెండో రోజు పొద్దున ఏడింటికల్లా వస్తాం. అమ్మ ఆకుపచ్చ నేత చీర, చేతిలో స్టీలు క్యారేజి ఉంటుంది. పిల్ల వీడియోలో చూస్తానంది, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర.